నాలుగు కాళ్ళూ నేల మీద

నర్సీపట్నం,
ఆదివారం ఉదయం.

అమ్మకు,

నీ ఉత్తరాల్లో మొదటి వరుసలో ఉండే వందనాలు నాకు రావని నీకు తెలుసు. ప్రభువు కృప వల్ల క్షేమం అని మొదలుపెడితే, ఆ కృప అందనివాళ్ళు ఏం పాపం చేశారని రెండో వరుసలోనే నాతో నేను తగువు పెట్టుకుంటాను. కాబట్టి నా పద్ధతిలోనే రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు వాకర్ పట్టుకుని ఆసుపత్రి క్వార్టర్స్ వరండా అంతా తిరుగుతున్నావనీ, పక్కింటి నర్సమ్మలకు పాటలు నేర్పుతున్నావనీ షైని చెప్పింది. విని నాకంటే గౌతమి ఎక్కువ సంతోషించింది.

నీ ఉత్తరం గురువారం అందింది. చేతిలో ఫోన్ ఉండగా అన్నయ్య మళ్ళీ కాగితం పట్టుకున్నాడేమిటని మీ అమ్మాయి షైని నవ్వుతుంది. నవ్వనీ. ఫోన్లో నువ్వు ‘ఆఁ? ఆఁ?’ అంటావు. నేను గొంతు పెంచుతాను. ‘అమ్మ మీద ఎందుకలా అరుస్తావు?’ అని అది ఫోన్ లాక్కుంటుంది. చెవి మిషను పెట్టుకోమంటే కుయ్యిమంటోందని డబ్బాలో దాచావు. అందుకే కాగితం. ఒక్క మాట మాత్రం వినాలి. దీన్ని షైని చేత చదివించుకోకు. కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీలో కుదురుగా కూర్చుని, నువ్వే చదువుకో.

నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను.

వంటింటి స్లాబు కారడం ఆగింది. తారు పోయించాం. గౌతమి దగ్గు కూడా తగ్గింది. మిరియాల కషాయం తాగమని నేను నెల రోజులుగా చెబితే సైన్సు అడిగింది, నువ్వు ఒక్క వరుస రాస్తే గ్లాసెడు తాగింది. పెళ్ళయినప్పుడు కులం కానిదని మొహం తిప్పుకున్న అత్తగారి మాటకు ఇప్పుడీ ఇంట్లో ఉన్న విలువ చూశావా?

నాన్నగారి సమాధి మీద రాయి వేయించాను. పేరు కింద ‘ఆర్టీసీ డ్రైవర్’ అని చెక్కించాను. దానికీ గొడవే. సంఘపెద్దలు ‘ప్రభువునందు నిద్రించెను’ అని ఒక్కటి చాలదా అన్నారు. ఉద్యోగమంతా చింతపల్లి ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి, ఒక్క ప్రయాణికుడికి గీత పడనివ్వని మనిషి ఆయన, అది నిద్రపోతూ చేసే పని కాదు అన్నాను. చివరికి రెండూ ఉన్నాయి. మీది పైన, నాది కింద.

స్కూల్లో గొడవ సర్దుకుందా అని అడిగావు. సర్దుకోలేదు, నేను సర్దుకోనివ్వను. నా క్లాసులో సందడి ఎక్కువట. పక్క సెక్షన్లో సూది పడినా వినిపిస్తుందట. వినిపించదా మరి, అక్కడ బెత్తం బల్ల మీదే ఉంటుంది. యూనియన్ పత్రికలో ‘నిశ్శబ్దం క్రమశిక్షణ కాదు’ అని వ్యాసం రాశాను కదా. ఉప్పు కాస్త ఎక్కువైందని నువ్వు రాశావు. అందులో ఒక వాక్యం మాత్రం మెచ్చుకున్నావు. ‘నోరెత్తని పిల్లవాణ్ణి చూసి బుద్ధిమంతుడని మురిసిపోకండి, ముందు వాడి నుదురు మీద చెయ్యి వేసి చూడండి’ అన్నది. ఆ వాక్యం గుర్తు పెట్టుకో అమ్మా. మళ్ళీ దాని దగ్గరికి రావాలి.

ఇక మిగిలింది నీ చివరి ప్రశ్న. ‘కాఫీ ఎలా ఉంది? నేనొస్తే మీద పడదు గదా? నాన్నగారి మాట పూర్తిగా మరిపించెయ్యలేదు గదా?’

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. కొంచెం వెనక్కి వెళ్ళి వస్తాను. నీకు తెలిసిన సంగతులే అయినా రాస్తాను, ఎందుకంటే వరసగా రాస్తే తప్ప నాకే అర్థం కావడం లేదు.

విస్తళ్ళకు అడ్డాకులు అమ్మే కొండలమ్మ మోపు మధ్య దాచి నాన్నగారి బస్సెక్కించిన కుక్కపిల్ల అది. టిక్కెట్టు లేని ప్రయాణికురాలని నాన్నగారు ఇంటికి తెచ్చేశారు. వేయించిన కాఫీ గింజ రంగులో ఉందని కాఫీ అన్నారు. ‘కాఫీ, ఇలా రా’ అని ఆయన పిలిచినప్పుడల్లా నువ్వు వంటింట్లోంచి ‘ఇందాకే తాగేరు గదా, మళ్ళీ ఏటి?’ అనేదానివి. మన వీధి చినబాబు దాన్ని చూసి ‘నాటుకుక్క గదేటండి, పెంచితే జాతికుక్కని పెంచాల’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మనుషులకు పుట్టుకను బట్టి విలువ కట్టింది చాలక కుక్కలకు కూడా కడతారు. తుని రోడ్డులో ఒకాయన మంచు దేశపు కుక్కను తెచ్చి మే నెలలో కూలర్ ముందు కట్టేశాడు. దాని వంశం కాగితం ఫ్రేము కట్టించాడట. మన కొండకుక్క ఎండనీ వాననీ ఓర్చుకుంటుంది, దాని వంశం కాగితం ఎవడికీ అక్కర్లేదు. సరే, ఆ తగువు ఇప్పుడెందుకు.

నాన్నగారు దానికి నేర్పినదల్లా ఒక్కటే. అన్నం గిన్నె కింద పెట్టి, టోపీ తీసి, మనందరి అన్నానికి చేసినట్టే దాని అన్నానికీ ప్రార్థన చేసేవారు. అది ఎదురుగా కూర్చుని గిన్నె వంక కాకుండా ఆయన మొహం వంక చూసేది. ‘ఆమెన్’ అనగానే మూతి గిన్నెలో పెట్టేది. ఆ తర్వాత గేటు దగ్గరా అంతే, బస్టాండుకు వెళ్ళేటప్పుడూ అంతే. ఆగు అంటే ఆగేది, ఆమెన్ అంటే కదిలేది. చర్చిలో అర్ధగంట కూర్చోలేని మనుషులున్న ఇంట్లో ఆమెన్ దాకా ఆగగలిగింది అదొక్కటే అని నువ్వు నన్ను చూసి అనేదానివి.

నాన్నగారు పోయాక అది మారిపోయింది. గేటు చప్పుడైతే చాలు, గోడ దూకేంత పని చేసేది. వచ్చిన ప్రతివాళ్ళ మీదా ముందు కాళ్ళు వేసి మొహం వెతికేది. అది పొగరు కాదు అమ్మా, వచ్చింది ఆయనేనేమోనని చూసుకోవడం. మనం దాన్ని ఓదార్చలేదు. మన ఏడుపే మనకు సరిపోయింది. ఆ ఆదివారం నువ్వు చర్చి నుంచి వచ్చి గేటు తీశావు. అది నీ మీదికి ఎగిరింది. గట్టు మీద పడి నీ తుంటి విరిగింది.

షైని జయపురం నుంచి వచ్చి, నిన్ను తను పనిచేసే ఆసుపత్రికి తీసుకుపోతూ, అంబులెన్సు మెట్టు మీద నిలబడి ఏమందో నీకు వినపడి ఉండదు. ‘అన్నయ్యా, నీ ఉపన్యాసం వద్దు. ఈ ఇంట్లో ఆ కుక్కయినా ఉండాలి, అమ్మయినా ఉండాలి. ఏటి చేస్తావో చెయ్యి. అదుండగా అమ్మని పంపను’ అంది. నువ్వేమో స్ట్రెచర్ మీద పడుకుని ‘దాన్ని కొట్టకురా, బెదిరిపోయింది’ అంటున్నావు. మీ ఇద్దరి మాటా నిలబెట్టాలంటే ఒకటే దారి. దానికి నెమ్మది నేర్పాలి.

నేను! కుక్కకు విధేయత నేర్పడం! గౌతమి పడీపడీ నవ్వింది. ‘మాట వినకండి అని ఊరంతా కరపత్రాలు పంచేవాడివి, దానికేం చెబుతావు జీవా?’ అంది. నిజమే. ‘మాట వినడం’ అంటేనే నాకు మంట. ఈ దేశంలో మాట వినమనేవాళ్ళు ఎప్పుడూ ఒక వీధివాళ్ళు, వినాల్సినవాళ్ళు ఎప్పుడూ ఇంకో వీధివాళ్ళు. కానీ ఫోన్లో వీడియోలు చూసీ చూసీ నాకో సంగతి అర్థమైంది. సరైన శిక్షణలో భయం ఉండదు. ఎగిరితే ఎవరూ తిట్టరు, కొట్టరు, వీపు తిప్పి నిలబడతారంతే. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనిన క్షణంలో ఇటు తిరిగి ముద్ద పెడతారు. ఎగిరితే మనిషి దూరమవుతాడు, నిలబడితే దగ్గరవుతాడు. అంతే పాఠం. మనిషిని చేరుకోవడం దాని ఇష్టానికి వదిలేస్తారు. ఇంత ప్రజాస్వామ్యం మా స్కూల్లో లేదు.

ఎండు నెత్తళ్ళ చేపలు కత్తెరతో ముక్కలు చేసి లాల్చీ జేబులో వేసుకు తిరిగాను. యూనియన్ సమావేశానికి అలాగే వెళితే అబీద్ సెంటర్ నుంచి నాలుగు వీధికుక్కలు నా వెంట ఊరేగింపుగా వచ్చాయి. అధ్యక్షుడు ‘మాస్టారి అనుచరులు పెరుగుతున్నారు’ అన్నాడు.

చినబాబు గోడ మీంచి చూసి ఊరుకోలేదు. ‘ఏటి మాస్టారూ, అది ఎగురుతుంటే మీరు యెనక్కి తిరిగిపోతన్నారు. అలిగేరేటి?’

‘అలగలేదయ్యా, పాఠం చెబుతున్నాను.’

‘పాటమా! రెండు తగిలించి సూడండి, బేగి ఇంటాది. దెబ్బకి దెయ్యమే ఒగ్గీసి పోద్ది.’

‘నిన్ను మీ అయ్య తగిలించాడు కదా, నువ్వు విన్నావా?’

‘ఇన్లేదు గానండి,’ అని తల గోక్కున్నాడు, ‘అయ్యొస్తే మాత్రం ఇప్పటికీ లెగిసి నిలబడతాను.’

‘అదే నాకు వద్దు,’ అన్నాను. ఆ రోజు గెలిచాననుకున్నాను.

నిజంగానే నేర్చుకుంది అమ్మా. వరండా మూల గోనెపట్టా వేశాను. అది దాని చోటు. వచ్చినవాళ్ళు కూర్చుని నీళ్ళు తాగేదాకా దాని మీద పడుకుని ఉండాలి. మొదట క్షణం ఉండేది కాదు. తర్వాత నేను నాలుగడుగులు దూరం వెళ్ళినా ఉండేది, ఆ తర్వాత గేటు తీసినా ఉండేది. బలిఘట్టం దాకా తీసుకువెళితే తాడు వదులుగానే ఉండేది. లాగితే నేను ఆగిపోతాను, ఆగితే తనూ ఆగి వెనక్కి చూసేది. ఇవన్నీ నీకు రాశాను, నువ్వు మురిసిపోయావు.

నీకు కష్టం కలిగించింది మాత్రం ఆ మాట. ఆమెన్ నేను అనలేనన్నాను. నమ్మని మాట కుక్కతో అనడం కూడా అబద్ధమేనని నీకు రెండు పేజీలు వాదించాను. ‘ఆమెన్’ బదులు ‘సరే’ నేర్పాను. పాత మాట చెప్పకుండా కొత్త మాట నేర్పడం కష్టం. గిన్నె ముందు అది నా మొహం చూస్తూ కూర్చునేది, నేను ‘సరే, సరే’ అంటూ ఉండేవాణ్ణి. కడుపులో ఆకలి, కదలదు. వెనకనించి గౌతమి చిన్నగా ‘ఆమెన్’ అనేసేది. గుళ్ళోకి ఎన్నడూ అడుగు పెట్టని మనిషి! ‘కుక్క ముందు సిద్ధాంతం ఏమిటి జీవా, అన్నం చల్లారిపోతోంది’ అనేది. ఆమెతో కూడా తగువు పెట్టుకున్నాను. చివరికి ‘సరే’ నేర్చుకుంది. ‘దానికి మీ నాన్న మిగిల్చింది ఆ ఒక్క మాటే గదరా, అదీ తుడిచేసావా?’ అని నువ్వు రాస్తే, మనుషుల మూఢత్వాన్ని జంతువుల మీద రుద్దవద్దని జవాబు రాశాను. నీకు అలాంటి జవాబు రాయగలిగానా అని ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

ఆఖరి పరీక్ష గురించి పోయిన ఉత్తరంలో రాశాను కదా. వాకర్‌కు అది బెదరకూడదని తెలిసినవాళ్ళ ఇంటి నుంచి ఒకటి తెచ్చాను. నీ వాసన ఉండాలని బీరువాలోంచి నీ తెల్ల చీర, నువ్వు చర్చికి కట్టుకునేది, తీసి కట్టుకున్నాను. గౌతమే కుచ్చిళ్ళు పెట్టింది. మీసాలతో, నీ చీరతో, వాకర్ టకటకమనిపించుకుంటూ గేటు తీసుకుని లోపలికి వచ్చాను. గోడ మీంచి చినబాబు ‘మాస్టారికి దెయ్యం పట్టీసింది రోయ్’ అని ఇంట్లోవాళ్ళందరినీ కేకేశాడు. కాఫీ మాత్రం ఎగరలేదు. గోనెపట్టా మీంచి లేచి నెమ్మదిగా నడిచి వచ్చింది. వాకర్ ముందు నిలబడి నీ చీర అంచుకు మూతి ఆనించింది. నాలుగు కాళ్ళూ నేల మీదే. అలాగే ఉండిపోయింది.

‘చూశావా! చూశావా! ఒక్క దెబ్బ లేకుండా!’ అని నేను చీరలోనే గంతులేశాను. ఆ సాయంత్రమే నీకు ఉత్తరం రాశాను. ఇంక నిర్భయంగా రావచ్చు, షైనికి నేను హామీ అని.

అమ్మా, ఇప్పుడు మిగతాది చెబుతాను.

ఆ రోజు గౌతమి గంతులేయలేదు. అన్నం దగ్గర అంది, ‘జీవా, అది పొద్దున సగం వదిలేసింది.’

‘నెత్తళ్ళు తిని కడుపు నిండి ఉంటుంది.’

‘నెత్తళ్ళు కూడా మూతితో పట్టుకుని కింద పెట్టేసింది. ఇది నెమ్మది కాదేమో. నీరసమేమో.’

‘అంటే నేర్చుకుందంటే నమ్మవు. కొడితేనే కుక్కకు బుద్ధి వస్తుందని నీకూ లోపల ఉందన్నమాట’ అన్నాను. ఎక్కడి మాట ఎక్కడికి లాగానో చూడు. ఆమె ఇంకేదో అనబోయింది. నేను ప్రపంచంలో జంతుశిక్షణ చరిత్ర అంతా చెప్పాను. నాతో వాదించి నెగ్గినవాళ్ళు మన బంధువర్గంలో ఎవరున్నారు? ఆమె కంచం తీసుకుని లేచిపోయింది. మర్నాడు మళ్ళీ అంది. మర్నాడు మళ్ళీ నేనే నెగ్గాను.

అది రోజంతా గోనెపట్టా మీదే ఉండేది. నేను వచ్చినవాళ్ళకు చూపించేవాణ్ణి. ‘చూడండి, మనిషి వచ్చినా లేవదు.’ యూనియన్ వాళ్ళకు చూపించాను. పాలవాడికి చూపించాను. పత్రికలో వ్యాసం రాద్దామని రెండు పేరాలు రాసుకున్నాను కూడా.

బుధవారం సాయంత్రం నేను ‘సరే’ అన్నా గిన్నె దగ్గరికి రాలేదు. గురువారం పొద్దున గౌతమి కాలేజీకి సెలవు పెట్టి, నాతో ఒక్క మాట అనకుండా, ఆటో పిలిచింది. పశువుల డాక్టరు చిన్నపిల్ల, షైని కంటే చిన్నది. కాఫీ పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. తెల్లగా ఉన్నాయి అమ్మా, సుద్దముక్కలా ఉన్నాయి. చెవి మడత విప్పితే లోపల పిడుదులు. వానల తర్వాత గడ్డిలో అవి ఎక్కువట. వాటి వల్ల వచ్చే జ్వరం రక్తాన్ని లోపల్లోపలే తినేస్తుందట. పైకి ఏమీ కనిపించదట, కుక్క నెమ్మదిస్తుందంతే.

‘ఎప్పట్నించి సార్ ఇలా స్తబ్దుగా ఉంది?’ అని అడిగింది.

నేనేమన్నానో తెలుసా? ‘స్తబ్దుగా కాదండి, నేను శిక్షణ ఇచ్చాను’ అన్నాను. అలవాటుగా వచ్చేసింది నోటికి. అన్నాక నాకు వినబడింది.

 ఆ అమ్మాయి నా మొహం చూసి, ‘రెండూ కలిసి ఉండొచ్చు సార్. మొదట్లో మీరు నేర్పిందే అయ్యుంటుంది’ అంది. దయ గల పిల్ల. కానీ ఎక్కడిదాకా నేను నేర్పింది, ఎక్కడినుంచి జ్వరం, అది ఇక ఎవరూ చెప్పలేరు. నీ చీర అంచుకు మూతి ఆనించి నిలబడిన రోజు అది నా పాఠం వల్ల ఎగరలేదా, నువ్వే వచ్చావనుకుని ఎగరాలనుండీ ఎగరలేకపోయిందా, నాకు తెలియదు.

నుదురు మీద చెయ్యి వేసి చూడమని ఊరికంతటికీ రాసినవాణ్ణి అమ్మా నేను. నా వరండాలో ఉన్నదాని నుదురు మీద చెయ్యి వెయ్యలేదు. పిల్లవాడు నోరెత్తకపోతే అనుమానించమన్నాను, కుక్క లేవకపోతే చప్పట్లు కొట్టాను. ఎందుకంటే ఈ నిశ్శబ్దం నేను తయారు చేశాననుకున్నాను. ఎవరి నిశ్శబ్దం వాళ్ళకు ముద్దు. ఇప్పుడు ఆ పక్క సెక్షన్ మాస్టారి మీద మునుపటిలా అరవలేకపోతున్నాను. అరవాలి, తప్పదు, మళ్ళీ అరుస్తాను. ఇవాళ మాత్రం చేతకావడం లేదు.

సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్లు ఇచ్చి, రేపు మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఇంటి ముందు ఆటో దిగుతుంటే పోస్ట్‌మన్ నీ ఉత్తరం ఇచ్చాడు. ఒడిలో కాఫీని పెట్టుకునే గౌతమి చదివింది. ‘షైని ఒప్పుకుంది. సంచి సర్దుకున్నాను. కాఫీకి చెప్పు’ అని రాశావు. చెప్పాం. గౌతమి దాని చెవి దగ్గర వంగి చెప్పింది. నేను వాదించలేదు.

శుక్రవారం మళ్ళీ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఈసారి మందు చీటీ రాసి, ఇంట్లోనే పక్కన ఉండి చూసుకోమంది. ఇంటికి తీసుకువచ్చి గోనెపట్టా మీద పడుకోబెట్టాం. మధ్యాహ్నం గౌతమి మందుకోసం బయటికి వెళ్ళింది, నేను పక్కన కూర్చున్నాను. ఆమె తిరిగి వచ్చి గేటు తీసినప్పుడు ఆ చప్పుడుకు కాఫీ తల ఎత్తింది. లేవాలని ముందు కాళ్ళు కూడదీసుకుంది. అంతలో ఆగింది. ఆగి నా మొహం చూసింది. నేను నేర్పినట్టే, అడుగుతోంది. ఆ స్థితిలో కూడా, లేవడానికి నన్ను అడుగుతోంది.

‘సరే’ అన్నాను. కదల్లేదు, కళ్ళు తిప్పలేదు. ‘సరే తల్లీ, సరే’ అన్నాను. గిన్నె ముందు ఆకలితో కూర్చున్నప్పటిలా అలాగే చూస్తూ ఉంది. నేను నేర్పిన మాట దాకా అది రాలేకపోయిందో, ఆ మాటను దాటి ఎక్కడికో వెనక్కి వెళ్ళిపోయిందో.

అప్పుడు అన్నాను అమ్మా. ‘ఆమెన్.’

ఒక చెవి కదిలింది. తోక గోనెపట్టా మీద ఒక్కసారి కొట్టింది. తల దించి నా చెప్పు మీద పెట్టింది. గౌతమి మెట్లెక్కి వచ్చేసరికి అయిపోయింది.

నేను ప్రార్థన చేశానని నీ సంఘంలో చెప్పకు. చెయ్యలేదు. అదొక జీవిని వదిలిపెట్టే మాట, ఆయన నేర్పింది, అది ఆ మాటకే అలవాటు పడింది, అందుకని అన్నాను. ఇంతకు మించి నువ్వు నాలో ఏమీ వెతకకు. కానీ ఒక్కటి ఒప్పుకుంటాను. ఇన్నాళ్ళూ దాన్ని ఆ మాటకోసం ఆకలితో కూర్చోబెట్టింది నా నిజాయితీ కాదు, నా పంతం.

పెరట్లో నువ్వు కనకాంబరాలు వేసిన మడి పక్కన పూడ్చిపెట్టాం. గునపం నాకు చేతకావడం లేదని చినబాబు గోడ దూకి వచ్చాడు. ‘ఒగ్గీండి మాస్టారూ, నాను తవ్వుతాను’ అని లాక్కున్నాడు. తవ్వుతూ తవ్వుతూ అన్నాడు, ‘తిట్టుకోకండి గానీ, ఇంత నెమ్మదైన కుక్కని మన ఈదిలో సూళ్ళేదు. దెబ్బ ఎయ్యకండా ఎలగ నేర్పేరండీ? మా జాతికుక్కకీ నేర్పాల మీరు.’ అభిమానంతో అన్న మాటే. నేను లోపలికి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను. తర్వాత బయటికి వచ్చి అతనికి చెప్పాను: ‘నేర్పుతాను. కానీ ముందు రోజూ చెవులు విప్పి చూడు. అన్నం వదిలేస్తే ఆ రోజే తీసుకుపో. నెమ్మదిగా ఉంటే ఎందుకు నెమ్మదిగా ఉందో అడుగు.’ అతను గునపం మీద చెయ్యి పెట్టుకుని ‘అలగేనండి’ అన్నాడు. మొదటిసారి మేమిద్దరం తగువు పడకుండా విడిపోయాం.

మొదటి పేరాలో ‘మేమిద్దరం బాగానే ఉన్నాం’ అని రాశాను. ఎప్పుడూ ‘ముగ్గురం’ అని రాసేవాణ్ణి. నువ్వు అక్కడే ఆగి ఉంటావు. అయినా ఆగకుండా ఇంతదూరం చదివినందుకు నీకు దండం.

గేటు దగ్గర నీ మీదికి ఎగిరేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. షైనితో అలా చెప్పు. హామీ అక్కర్లేదు. నువ్వు సర్దుకున్న సంచి విప్పకు, వచ్చెయ్. స్టేషనుకు నేనే వస్తాను. గోనెపట్టా తియ్యలేదు. నువ్వొచ్చి తియ్యమంటే తీస్తాను.

గౌతమి నాతో మళ్ళీ మాట్లాడుతోంది, కొంచెం. నువ్వొస్తే ఇంకాస్త మాట్లాడుతుంది. అన్నం దగ్గర నువ్వు ఎప్పటిలా ప్రార్థన చెయ్యి, ఎంత పొడుగైనా సరే. నమ్మకం నాకు రాదు, దాని కోసం ఎదురుచూడకు. కానీ ఆగడం నేర్చుకోగలను. ఈసారి నువ్వు ఆమెన్ అనేదాకా నేను కంచంలో చెయ్యి పెట్టను.

ఇట్లు,
నీకు ఎదురు చెప్పడం ఇంకా మానలేని
నీ పెద్ద కొడుకు
జీవానందం